రేవతి నుండి బుజ్జి వరకు : తెలుగువారి కాలయంత్రములు

యానాము వారికి కాలప్రయాణము క్రొత్త సంగతి కాదు. 1929లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టము పుట్టి, 1930 ఏప్రిలు 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. పదునాలుగేండ్లు నిండని బాలికకు గాని, పదునెనిమిదేండ్లు నిండని బాలునకు గాని పెండ్లి చేయుట నేరమైనది. ఆ చట్టము యానాము పొలిమేర దాక వచ్చి ఆగిపోయినది. ఈవల పరాసువారి ఏలుబడి. చుట్టుపట్ల గోదావరి సీమ నుండి పెండ్లివారు తరలి యానాము వచ్చి, మూడు ముళ్లు వేయించుకొని, మరల ఇంగ్లీషు నేలకు పోయెడివారు. ఊరికి కల్యాణపురమను పేరు కూడ వాడుకలో పడినది. పొలిమేర దాటినవాడు 1930కి ముందటి లోకములో కాలు మోపినట్లే గదా! యంత్రము లేదు, మీటలు లేవు. ఎల్ల దాటిన చాలును. ఆ పెండ్లిపీటలపై కూర్చుండిన పసివాండ్రకు మాత్రము ఆ ప్రయాణము వినోదము కాదు. వెనుకటి కాలమెల్ల బంగారమని తలచువారికి వారి సంగతి ఒకపరి గుర్తుచేయవలసి యున్నది. ఈ వ్యాసములో ఆ మాట మరల వచ్చును.

చరిత్ర వ్యాసమనగా శాసనములు, వంశావళులు, యుద్ధముల తేదీలు ఉండునని ఎదురుచూచు పాఠకులు మమ్ము క్షమింతురు గాక. జరిగిన కాలమునకే కాక, రాబోవు కాలమునకును ఒక చరిత్ర కలదు. ఏ తరమువారు భవిష్యత్తును ఎట్లు ఊహించిరి, దేనికి భయపడిరి, ఆ భయమును ఏమి చేసికొనిరి అనునది ఆ చరిత్ర. పాశ్చాత్యులు మిక్కిలి భయంకరముగా చిత్రించిన భావికాలము తెలుగువారి చేతికి వచ్చినప్పుడు దానిలోనికి నవ్వు ఎట్లు ప్రవేశించినదో, ఆశ ఎట్లు మొలిచినదో చెప్పవలెనని మా కోరిక. పరాయి ఊళ్లలో స్థిరపడి, ఇంట తెలుగు, వీధిలో మరియొక భాష మాట్లాడు కుటుంబములకు ఈ ప్రసంగము ఊసుపోక కబురు కాదని మా నమ్మకము.

ముందుగా భయము సంగతి. హెచ్.జి. వెల్సు అను ఆంగ్ల రచయిత 1895లో 'ది టైమ్ మెషీన్' అను చిన్న నవలను ప్రకటించెను. అందలి ప్రయాణికునకు పేరు లేదు. అతడు స్వయముగా నిర్మించుకొన్న యంత్రమెక్కి 8,02,701వ సంవత్సరమునకు పోవును. అచట మానవజాతి రెండుగా చీలిపోయి యుండును. నేల మీద ఎలాయిలు: నాలుగడుగుల పొట్టివారు, అందగాండ్రు, పండ్లు తిని ఆడుకొనుటయే గాని ఆలోచన యెరుగనివారు. నేల క్రింద మోర్లాకులు: చీకటిలో యంత్రములు నడుపుచు, రాత్రివేళ పైకి వచ్చి ఎలాయిలను పట్టుకొని భక్షించువారు. ఒకప్పటి ధనికుల సంతతి పైన, కూలివారి సంతతి క్రింద. వెల్సు తల్లి అప్పార్కు అను జమీందారీ భవనములో ఇంటి పెత్తనము చూచు ఉద్యోగిని. ఆ భవనమున సేవకుల నడకకై నేల క్రింద సొరంగములు ఉండెడివి. పైన దొరలు, క్రింద సేవకులు నడయాడు ఆ ఇంటిని బాల్యమున చూచినవాని మనస్సులో మోర్లాకులు ఊరక పుట్టలేదు. ప్రయాణికుడు ఇంకను ముందునకు, మూడు కోట్ల యేండ్ల అవతలికి పోవును. అచట సూర్యుడు ఎర్రని ముద్దయై ఆరిపోవుచుండును. సముద్రపు టొడ్డున మనిషి జాడ లేదు. తిరిగి వచ్చినవాని జేబులో వాడిన తెల్లని పూవులు రెండు మాత్రము మిగులును. వీనా అను ఎలాయి పిల్ల పెట్టిన పూవులవి. అతడు మరల యంత్రమెక్కి పోవును. ఈ మారు తిరిగి రాడు.

యానాముతో ఫ్రెంచివారికి గల పొత్తును బట్టి జూల్ వెర్న్ మాట చెప్పక తప్పదు. వెర్న్ అనగా బెలూన్లు, జలాంతర్గాములు, ఉత్సాహవంతులైన యాత్రికులు జ్ఞాపకమునకు వత్తురు. కాని అతడు 1863లో ఒక నిరాశామయమైన నవల వ్రాసి తన ప్రకాశకుడగు హెట్జెలునకు చూపెను. 1960 నాటి పారిసు నగరమున కవి యొకడు, యంత్రములును లెక్కలును తప్ప వేరేమియు గిట్టని సంఘములో తిండికి లేక, మంచులో శ్మశానమున పడిపోవు కథ అది. ఇట్టి జోస్యమును ఎవరును నమ్మరని హెట్జెలు దానిని త్రిప్పి పంపెను. వ్రాతప్రతి ఇనుప పెట్టెలో పడియుండి 1989లో వెర్న్ మునిమనుమనికి దొరికి, 1994లో గాని అచ్చు కాలేదు. ఆ తిరస్కారము లేకున్నచో మనమెరిగిన ఉల్లాసి వెర్న్ ఉండెడివాడా అని మాకు సందేహము. వినోదముగా చెప్పుకొనదగిన మాట యొకటి కలదు. వెర్న్ పెట్టిన ఆ 1960 వచ్చునప్పటికి యానాము ఏ దేశపు ఊరు? 1954 నవంబరు 1 నుండి పాలన భారత ప్రభుత్వమువారిది. చట్టము ప్రకారము హక్కు చేతులు మారినది 1962 ఆగస్టు 16న. నడుమ నున్న ఆ ఎనిమిదేండ్లు మన ఊరు రెండు కాలములలో ఒక్కసారి నివసించినది. ఇట్టి కల్పన వెర్నునకు కూడ తోచలేదు!

ఇక మన ఇంటి కథకు వత్తము. విష్ణుపురాణమునందును భాగవతమునందును కకుద్మి యను రాజు కథ కలదు. రైవతుడని మరియొక పేరు. అతని కూతురు రేవతి. తగిన వరుని చెప్పుమని అడుగుటకు కూతురిని వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోయెను. అచట గంధర్వగానము జరుగుచుండెను. ముగియు దాక ఆగి, నమస్కరించి, తన మనసులోనున్న వరుల పేర్లు చెప్పెను. బ్రహ్మ నవ్వెను. నీవు పాట వినుచుండగా భూమిపై ఇరువదియేడు చతుర్యుగములు గడచినవి. నీవు చెప్పినవారే కాదు, వారి మనుమల మనుమలును లేరు అని చెప్పెను. రాజు దిగి వచ్చి చూచునప్పటికి ఊరు మారినది, రాజ్యము లేదు, మనుష్యులు పొట్టివారై, బలము తగ్గి, తెలివి సన్నగిలి యుండిరి.

ఒకసారి ఆగి ఆలోచింపుడు. వెల్సు 1895లో చెప్పిన భీకరకథ ఇదియే కాదా? కాలము దాటిపోవుట, అయినవారెల్లరు మట్టిలో కలియుట, మిగిలిన మానవజాతి కుదించుకొని పోవుట. మరి మనవారు ఈ కథను ఎట్లు ముగించిరి? పెండ్లితో! బ్రహ్మ చెప్పిన వరుడు బలరాముడు. పెండ్లికూతురు పాత యుగపు మనిషి గనుక మిక్కిలి పొడగరి. బలరాముడు నాగలి కొనతో ఆమెను క్రిందికి లాగి తన యెత్తునకు తెచ్చుకొనెను. యుగాంతపు విషాదమంతయు ఒక్క నాగలిపోటుతో వియ్యాలవారి పరాచికమైనది. ఇందు నవ్వు ఉన్నంత మాత్రమున నష్టము చిన్నదని పురాణకర్త చెప్పలేదు. కకుద్మి ఏడ్చినను పోయినవారు రారు. తోడు వచ్చిన బిడ్డకు మాత్రము ఇల్లు చూపవలెను. వెల్సు ప్రయాణికుడు ఒంటరివాడు. కకుద్మి కూతురితో పోయినవాడు. తెలుగువారి కాలయంత్రములన్నిటికిని ఈ భేదమే మూలమని మా అభిప్రాయము.

(బ్రహ్మసభలో పాడిన గంధర్వులకు హాహా, హూహూ అని పేర్లు. విశ్వనాథ సత్యనారాయణగారు ఆ పేర్లనే తమ నవలకు పెట్టి, గుఱ్ఱపు ముఖము గల గంధర్వుని ఒకని లండను నగరమున ట్రఫాల్గర్ స్క్వేరులో పడవేసిరి. పాట వినబోయి యుగములు పోగొట్టుకొన్న రాజు కథకు అది ఒక విధమైన బదులు తీర్చుట యేమో!)

రేవతీదేవి అంతటితో ఆగలేదు. 1957లో విజయా వారు కె.వి. రెడ్డి దర్శకత్వమున తీసిన 'మాయాబజార్' చిత్రమున శశిరేఖ తల్లి రేవతియే. ఛాయాదేవి ధరించిన ఆ పాత్ర ఆస్తి అంతస్తులను లెక్కవేయు గడుసు ఇల్లాలు. ఇరువదియేడు చతుర్యుగములు దాటి వచ్చిన స్త్రీ తుదకు అల్లుని సంపద గూర్చి మగనితో పేచీ పడుచున్నదని తలచుకొన్నచో నవ్వు రాక మానదు. ఆ చిత్రములోనే ప్రియదర్శిని అను పేటిక కలదు. మూత తెరచినవారికి తమకు మిక్కిలి ప్రియమైనదానిని చూపునది. దానిని ఆయుధముగా కాక, ఇంటిల్లిపాదికి వినోదముగా మలచిన చిత్రమది. ఆ చిత్రమునకు పనిచేసిన యువకులలో గూడూరున 1931లో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు ఒకరు. కె.వి. రెడ్డికి సహాయకుడుగా అద్భుతమును ఇంటి భోజనమువలె వడ్డించు విద్యను అచట నేర్చిరి.

ఈ వరుసలో యమలోకమును కూడ చేర్చవలెను. యముని సభను తెలుగు తెర ఎట్లు వాడుకొన్నదో మీరెరుగుదురు. 1960 నాటి 'దేవాంతకుడు', 1977 నాటి 'యమగోల', 1988 నాటి 'యముడికి మొగుడు' మొదలైనవి చావు అను పెద్ద భయమును చిట్టాలు తారుమారైన తాలూకా కచ్చేరిగా మార్చినవి. 1994లో వచ్చిన 'యమలీల' మాకు మరింత ప్రస్తుతము. అందు భవిష్యవాణి యను గ్రంథము యమలోకము నుండి జారి భూమిపై పడును. దొరికినవాడు దానిని చదువుకొని బాగుపడుచుండును. ఒకనాడు అదే పుస్తకములో తన తల్లి చావు కనబడును. నవ్వుచున్న సభ ఒక్క క్షణము నిశ్శబ్దమగును. భవిష్యత్తు తెలియుట వరమా, శాపమా అను ప్రశ్నను వెల్సు వేసినంత సూటిగానే ఆ చిత్రము వేసినది, నడుమ బ్రహ్మానందము చిత్రగుప్తుడై తిరుగుచుండగా.

1991 జులై 18న విడుదలైన 'ఆదిత్య 369' నాటికి సింగీతము వారు వెల్సు నవలను చదివి ఏండ్లు గడచినవి. విద్యార్థి దశలో చదివిన ఆ కథ తమ మనస్సులో నిలిచిపోయెనని వారు చెప్పియున్నారు. శ్రీదేవీ మూవీస్ పక్షమున శివలెంక కృష్ణప్రసాద్ నిర్మించిరి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము సమర్పకులు, సంగీతము ఇళయరాజా, మాటలు జంధ్యాల. కథ సంగ్రహముగా ఇది. ప్రొఫెసరు రామదాసు కాలయంత్రమును నిర్మించును. రాయలవారి కాలపు వజ్రమొకటి దొంగిలింపబడును. ఆ దొంగతనమును చూచిన వాడు కిశోరుడను బాలుడు. కృష్ణకుమారుడును హేమయు ఆ యంత్రమున 1526కు, శ్రీకృష్ణదేవరాయల విజయనగరమునకు చేరుదురు. అటనుండి 2504కు పోవుదురు. కృష్ణకుమారునిగాను రాయలుగాను బాలకృష్ణయే నటించెను. కానిస్టేబులుగా సుత్తివేలు, తెనాలి రామకృష్ణుడుగా చంద్రమోహన్ నవ్వించిరి.

ఆ కాలము ఎట్టిదో ఒకసారి తలచుకొనుడు. 1984 డిసెంబరులో భోపాలున విషవాయువు. 1986 ఏప్రిలులో చెర్నోబిలు అణుకేంద్రపు ప్రమాదము. 1991 మొదట గల్ఫు యుద్ధము, కువైటు చమురుబావుల నల్లని పొగ. 2504లో సింగీతము వారు చూపినది ఆ భయముల మొత్తమే. మూడవ ప్రపంచ యుద్ధమున అణుబాంబులు ప్రేలి, నేల మీద రేడియో ధార్మికత నిండి, మిగిలిన జనము భూగర్భమున నగరము కట్టుకొని బ్రతుకుచుందురు. ఈ భయమునకు కూడ వెల్సే పెద్దదిక్కు. 'అణుబాంబు' అను పేరును 1914లో తన 'ది వరల్డ్ సెట్ ఫ్రీ' నవలలో మొదట వాడినది అతడే. లియో జిలార్డ్ అను హంగరీ శాస్త్రజ్ఞుడు 1932లో ఆ నవల చదివెను. మరుసటి యేడు అతనికి పరమాణు శృంఖలా చర్య తోచినది. వెల్సు 1946లో, హిరోషిమా వార్త విని ఏడాదికి కాలము చేసెను.

అయినను ఇచట ఒక మార్పు జరిగినది. అది పాఠకుల దృష్టికి తేవలెనని మా తాపత్రయము. వెల్సు కథలో నేల క్రింద నుండువారు నరభక్షకులు. సింగీతము వారి కథలో నేల క్రింద నుండువారు బ్రతికి బట్టకట్టినవారు, వచ్చిన అతిథులను చేరదీయువారు. అధోలోకము అనగానే ఆంగ్లేయుని మనస్సుకు నరకమో, గనియో, సేవకుల సొరంగమో స్ఫురించును. తెలుగువాని మనస్సుకు పాతాళము స్ఫురించును. అది నరకము కాదు. నాగలోకపు మణుల వెలుగు అచటిది. బలిచక్రవర్తిని వామనుడు త్రొక్కి పంపిన సుతలము స్వర్గము కంటె మేలైనదని, శ్రీహరి ఆ వాకిట కాపలా యుండెనని భాగవతము చెప్పును. పోతన భాగవతము వినిన తాతలకు, 1951లో 'పాతాళభైరవి' చూచిన తండ్రులకు పుట్టిన ప్రేక్షకుడు భూగర్భనగరమును చూచి హడలిపోవునా? మంచిరోజులు వచ్చు దాక దాగియుండు చోటని తలచును. ఒక్క మాట కూడ చెప్పక సింగీతము వారు ఈ తలపును వాడుకొనిరి.

రెండవ మార్పు తోడు. వెల్సు ప్రయాణికుని వెంట ఎవరును లేరు. వీనా అడవిలో అగ్నికి ఆహుతి అయిపోవును. మన కృష్ణకుమారుని వెంట కాబోయే ఇల్లాలు, పోలీసు కానిస్టేబులు కూడ కలరు. భవిష్యత్తులోనికి కానిస్టేబులును తీసికొనిపోవుట ఏమి విజ్ఞానమని పండితులు పెదవి విరువవచ్చును. కాని కోరంగి రేవునుండి రంగూనునకు ఓడలెక్కిన మన పెద్దలను తలచుకొనుడు. ఏమి కానున్నదో తెలియని ఆ ప్రయాణములకు గుంపులుగనే గాని ఒంటరిగా వారు కదలలేదు. బర్మావారు తెలుగువానికి 'కోరంగీ' అనియే పేరు పెట్టిరి. తెలియని లోకమునకు పోవలసివచ్చినప్పుడు మనవారు వెదకినది యంత్రమును కాదు, ఊరివానిని.

ఇంతవరకు మెచ్చితిమి. ఇక నొచ్చు మాట చెప్పవలెను. 'ఆదిత్య 369' చిత్రమున విజయనగరపు భాగము నిండుగా, రంగులతో, ఆటపాటలతో సాగును. 2504 భాగము సన్నగా, తొందరగా ముగియును. అందుకు ఖర్చు ఒక కారణమై యుండవచ్చును. రాయల కొలువునకు సెట్టు వేయుట తెలుగు కళాకారులకు వెన్నతో పెట్టిన విద్య, అయిదువందల యేండ్ల తరువాతి నగరము అట్లు కాదు. కాని కారణము అంతటితో తీరదు. మన ఆనందమంతయు వెనుక, మన భయమంతయు ముందు అని ఆ చిత్రము చెప్పకయే చెప్పినది. 1526 నాటి హంపిలో బాలిక పెండ్లి ఏ వయస్సున జరిగెడిదో, వీధి ఊడ్చువాని బ్రతుకు ఎట్లుండెడిదో చిత్రము అడుగలేదు. యానాము కల్యాణపురమైన కాలము కూడ వెనుకటి కాలమే, దానిని బంగారమనగలమా? పైగా ఆ 1526 తరువాత నలువది యేండ్లు తిరుగకముందే, 1565లో, విజయనగరము పాడుపడినది. కాలయంత్రమెక్కినవారు ఆ రాజవీధిలో తిరుగుచున్నప్పుడు ఆ సంగతి ఎరిగినవారు చూచువారిలో పలువురు. భయంకరమైన భవిష్యత్తు విజయనగరమునకును కలదు. అది ఇదివరకే జరిగిపోయినది. అయినను రాయలకు పదిమంది పాడుకొను పేరు మిగిలినది. ఈ సంగతిని చిత్రము మరి కొంత పట్టించుకొన్నచో 2504కు వేరొక వెలుగు వచ్చియుండెడిది.

ఆ లోపమును మరియొక తరము కొంత తీర్చినది. 2024 జూన్ 27న నాగ్ అశ్విన్ దర్శకత్వమున 'కల్కి 2898 ఎ.డి.' విడుదలైనది. దాని లోకము వెల్సు లోకమునకు సమీప బంధువు. గంగ ఎండిపోయిన కాశి మిగిలిన కడపటి నగరము. దానిపై తలక్రిందులైన పిరమిడ్ వలె కాంప్లెక్సు అను కట్టడము ఆకాశమున వ్రేలాడుచుండును. నీరు, పచ్చదనము, తిండి అంతయు అందే. క్రింద ఇసుక, ఆకలి. వెల్సు పేదలను నేల క్రింద పెట్టెను. నాగ్ అశ్విన్ ధనికులను గాలిలో పెట్టెను. నడుమ దూరము మాత్రము అంతే. కడుపులోని బిడ్డల సారమును పిండుకొను ప్రభువు కూడ కలడు. ఇంతటి చీకటి తెలుగు చిత్రములలో అరుదు.

అయితే ఆ చిత్రమునకు నాలుగు వారములు ముందుగా, 2024 మే 31న, అదే లోకమును పిల్లలకొరకు బొమ్మలకథగా చేసి 'బుజ్జి అండ్ భైరవ' అను పేరుతో రెండు భాగములు విడుదల చేసిరి. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థవారు బొమ్మలు చేసిరి. అదే ఎండిన కాశి, అదే కాంప్లెక్సు. కాని కథ ఒక వాగుడుకాయ యంత్రబుద్ధికిని, అప్పులవాండ్రకు ముఖము చాటువేయు భైరవునకును కుదిరిన స్నేహము గూర్చి. ఆ యంత్రబుద్ధియే బుజ్జి. తరువాత వానికి కారు శరీరమగును. ఇద్దరి కోరికయు ఒకటే: కాంప్లెక్సులో ఇంత చోటు. ఇద్దరును ఒకరినొకరు ఎత్తిపొడుచుకొనుచు, పోట్లాడుకొనుచు, విడువక తిరుగుదురు. ప్రపంచము ముగిసిన తరువాత కూడ ఇంటి అద్దె కట్టవలెను, బండి బాగుచేయించుకొనవలెను అను సంగతి చూచినవారికి ఎందుకో ధైర్యము కలుగును. పెద్ద చిత్రములోని అశ్వత్థామ కంటె ఈ కారే పిల్లలకు దగ్గరి చుట్టమైనది. ఆ బండిని నిజముగానే నిర్మించి ఊరూర త్రిప్పినప్పుడు దాని చుట్టును పిల్లలే మూగిరి.

కొందరు పెద్దలు దీనిని చులకన చేయుదురు. భీకరమైనదానిని బొమ్మలాట చేసినచో ప్రమాదము పట్ల జాగరూకత పోవునని వారి వాదము. ఇది త్రోసివేయదగిన మాట కాదు. యానాము వారు దీనిని మరింత శ్రద్ధతో వినవలెను. మన ఊరు గౌతమీ గోదావరి, కోరంగి పాయ చీలిన చోట, సముద్రమునకు కూతవేటు దూరమున నున్నది. 1839 నవంబరు ఉప్పెన తరువాత కోరంగి రేవు మరల కోలుకొనలేదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను ఈ తీరమున వేయిమందికి పైగా పొట్టనబెట్టుకొన్నది. సముద్రమట్టము పెరుగుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పునప్పుడు మనకది నవల కాదు. అయినను భయపెట్టినంత మాత్రమున పిల్లవాడు మడచెట్టు నాటడు, చెవులు మూసికొనును. కోరంగి మడ అడవులు అలల వేగమును విరుచునని, వానిని నిలుపుకొన్నచో ఊరు నిలుచునని నమ్మిన పిల్లవాడే నాటును. భయము కళ్లు తెరిపించును. చేతులు కదలుటకు ఆశ కావలెను. 'బుజ్జి అండ్ భైరవ' గొప్ప కావ్యమని మేము అనము. మాటలలో చౌకబారు హాస్యము కొంత లేకపోలేదు. కాని అది పిల్లవానిని 2898లోనికి చేయి పట్టుకొని తీసికొనిపోయినది, రాయలవారి కొలువు సాయము లేకయే.

మరియొక చిన్న సంగతి. పుదుచ్చేరి పాలిత ప్రాంతమున నాలుగు ముక్కలు. యానాములో తెలుగు అధికారభాష, తక్కిన చోట్ల తెలుగు కుటుంబములు అల్పసంఖ్యాకులు. ఈ సంచిక చదువువారిలో పలువురి ఇండ్లలో మనుమలకు తెలుగు వినుట వచ్చును, చదువుట రాదు. నాలుగు తరముల తరువాత ఈ భాష ఇంట నుండునా అని పెద్దలు నిట్టూర్చుట మేము ఎన్నో సభలలో వింటిమి. మన ఇంటి పిల్లలకు వెల్సు చెప్పిన సూర్యుడు ఆరిపోవుట కంటె ఇదియే దగ్గరి ప్రళయము. అట్టివారు 2898 నాటి కాశిలో ఇసుక తుపాను నడుమ కారు పేరేమని వినిరి? బుజ్జి. ఉగ్గుగిన్నె దగ్గర అవ్వ పిలుచు పిలుపు అది. ఎనిమిది వందల డెబ్బది యేండ్ల పైచిలుకు తరువాత గంగ ఎండవచ్చును గాని ఆ పిలుపు మాత్రము ఎండలేదని కథకుడు పందెము కాచినాడు. ఇది సినిమావారి సౌకర్యమే, కాదనము. తెలుగు చిత్రమున తెలుగు పేరు గాక ఏమి పెట్టుదురు? అయినను ఆంగ్లములో చదువుకొను మన పిల్లలు ఆ పేరును ఇంటిలోని పిల్లికి, సైకిలుకు పెట్టుకొనుట మేము చూచితిమి.

'ఆదిత్య 369' చిత్రమును క్రొత్త హంగులతో 2025 ఏప్రిలు 4న మరల విడుదల చేసిరి. 1991లో కిశోరుని యీడు వారై చూచినవారు ఈ మారు తమ పిల్లలను వెంటబెట్టుకొని పోయిరి. అప్పుడు మాకు ఒక లెక్క తోచినది. చిత్రము మొదట వచ్చిన నాటికి 1526 నాలుగువందల అరువదియైదేండ్లు వెనుక, 2504 అయిదువందల పదుమూడేండ్లు ముందు. అనగా రాయల కొలువే దగ్గర. ఆ రెండింటికిని సరిగా నడిమి సంవత్సరము 2015. ఆ ఏడు ఎవరికిని తెలియకుండ వచ్చి పోయినది. రెండవసారి విడుదలనాటికి 1526 నాలుగువందల తొంబదితొమ్మిదేండ్ల దూరమున నున్నది. 2504 నాలుగువందల డెబ్బదితొమ్మిదేండ్ల దూరమున.